బోరు మీది రాయి

నాకు కోపం ఎక్కువ. ఈ మాట మా బడిలో ఎవరినడిగినా చెప్తారు. మా ఇంట్లోనైతే అడక్కుండానే చెప్తారు. లెక్కల టీచరుకు ఆ మాత్రం లేకపోతే పిల్లలు నెత్తికెక్కుతారని చాలా ఏళ్లు నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. కళ్యాణదుర్గం దగ్గర ఒక పల్లె బడిలో పనిచేసేటప్పుడు నన్ను వారం రోజుల శిక్షణకు పంపించి, తిరిగి రాగానే మెడకు స్కార్ఫు కట్టి, ఇకమీదట స్కౌట్స్ పిల్లలు నీ బాధ్యతే అన్నారు. ఆ స్కార్ఫు కట్టుకున్న రెండో నెలలో జరిగిన సంగతి ఇది.

శిక్షణలో నాకు బాగా నచ్చింది ఆనవాళ్ల ఆట. ముందు పోయే గుంపు దారిపొడవునా రాళ్లతో, పుల్లలతో గుర్తులు పెడుతుంది. బాణం ఉంటే ఇటు రమ్మని. రెండు పుల్లలు అడ్డదిడ్డంగా పెట్టి ఉంటే ఇటు రావద్దని. గుండ్రంగా గీత గీసి నడుమ ఒక రాయి ఉంటే ఆట ముగిసిందని. వెనక వచ్చేవాళ్లు ఆ గుర్తులు చదువుకుంటూ ముందువాళ్లను పట్టుకోవాలి. ఒక శనివారం మొత్తం ఇదే ఆడిద్దామని, దానికి ఆనవాళ్ల రోజు అని పేరు కూడా పెట్టాను. ఐదు, ఆరు తరగతుల పిల్లలు ఇరవై మంది, నాలుగు గుంపులు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఉత్త ఆటైతే పిల్లలకు భయభక్తులుండవని దానికీ మార్కులు పెట్టాను. చివరి గుర్తులో పెట్టే రాయి ఎంత పెద్దదైతే, ఎంత చక్కగా ఉంటే అన్ని మార్కులన్నాను. శిక్షణలో ఎవరూ ఈ మాట చెప్పలేదు. అది నా సొంత తెలివి.

చెనక్కాయ పీకే రోజులవి. కాయ ఊరే వేళకు వాన మొండిచెయ్యి చూపడంతో నేల బండబారిపోయింది. చెట్టు పట్టి లాగితే ఆకు చేతికొస్తోంది, కాయ మట్టిలోనే ఉండిపోతోంది. కూలికొచ్చిన ఆడవాళ్లు పారలతో తవ్వి ఏరుకుంటున్నారు. వాళ్ల చిన్నపిల్లలు గట్ల మీద తిరుగుతున్నారు. ఆ చేల మధ్యగా మా గుంపులు పోయి, మధ్యాహ్నానికి గుట్ట కింది చదునులోకి చేరాయి. పిల్లల ముఖాలు ఎండకు కందిపోయినా ఎంత సంతోషంగా ఉన్నారో చెప్పలేను.

మార్కులేయడం మొదలుపెట్టాను. మొదటి గుంపు పెట్టిన రాయి ఎవరిదో గట్టు మీదిది, కట్టిన రాయిని పీక్కొచ్చారు. నాకు ఒళ్లు మండింది. రైతు కట్టుకున్న గట్టును పాడు చేస్తారా అని ఆ గుంపు నాయకుడి చెవి మెలేశాను. మిగతా గుంపులన్నీ చూస్తూ నిలబడ్డాయి. రెండో గుంపు రాయి మామూలుది, నాలుగు మార్కులేసి ముందుకు పోయాను.

మూడో గుంపు రాయి చూసి మెచ్చుకుందామనుకున్నాను. పెనమంత వెడల్పున, చదునుగా, ఇద్దరు పిల్లలు కలిస్తే గానీ మోయలేనంత బరువుగా ఉంది. వంగి దగ్గరగా చూశాను. అంచుల్లో పసుపు అంటుకుని ఉంది. నడుమ మూడు కుంకుమ బొట్లు, ఎండకు వెలిసి ఇటుక రంగుకొచ్చినవి.

అది దేవుడి రాయి కాదు. మా నాయన చేలో అట్లాంటివి ఐదు ఉండేవి. బోరు వేయించేముందు నీళ్లు చూసే మనిషి అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరుగుతాడు. కాయ నిలబడిన చోట ఒక చదును రాయి పెట్టి, కడిగి, పసుపు పూసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టిన తర్వాతే లారీని చేలోకి రానిస్తారు. నీళ్లు పడితే ఆ రాయి మోటారు పక్కన ఉంటుంది. పడకపోతే, దింపిన ఇనుప గొట్టాన్ని పైకి లాగేసుకుని, పూజ చేసిన ఆ రాయితోనే బోరు బొక్కను మూస్తారు. మా నాయన అట్లా ఐదుసార్లు మూశాడు. "నీళ్లు ఇయ్యకపోతే పాయె, పిల్లోళ్లనన్నా మింగకుండా కాపలా ఉండనీ" అనేవాడు. గొట్టం తీసేసిన బొక్క చుట్టూ మట్టి రాలి, మూతి ఏటికేడు వెడల్పవుతుంది.

అంటే ఆ చేలల్లో ఎక్కడో ఒక బోరు నోరు తెరుచుకుని ఉంది. గట్ల మీద పసిపిల్లలు తిరుగుతున్నారు.

ఈ రాయి ఎక్కడిదని అడిగాను. అడగడం కాదు, అరిచాను. తేలు కుట్టిన దొంగల్లా అందరూ నేలచూపులు చూశారు. చెప్పకపోతే ఒక్కొక్కరి తోలు తీస్తానన్నాను. నేను గొంతు పెంచేకొద్దీ వాళ్ల నోళ్లు బిగుసుకుపోయాయి. ఐదుగురు ఉండాల్సిన గుంపులో నలుగురే ఉన్నారని అప్పుడు కనిపించింది. ఐదో తరగతి పాప ఒకతి లేదు. వెనక బెంచీలో కూర్చునే బక్కపలచని పిల్ల, అడిగితే తప్ప నోరు విప్పదు.

అక్కడే మట్టిలో కూలబడ్డాను. ఆ పాప బొక్కలో ఉందనే అనుకున్నాను. వాళ్లమ్మకు ఏ ముఖం పెట్టుకుని చెప్పాలా అని కూడా అనుకున్నాను. నేను అరవడం మానేశాకే, ఆ పాప పక్కన ఎప్పుడూ కూర్చునే పిల్ల దగ్గరికొచ్చి ఏడుస్తూ చెప్పింది.

"ఇద్దరం మోసుకొచ్చినాం మేడం. మీరు వాని చెవి మెలేస్తానే, ఎత్తుకోనిపోయి ఆడనే పెట్టేద్దాం రా అనింది. నాకు బయమేసి పోలేదు. అదొక్కటే పోయింది, చింతచెట్టు అవతల బీడులోకి."

పరిగెత్తాను. నలభై ఏళ్లు దాటిన దాన్ని, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, చెప్పులెక్కడ పోయాయో కూడా చూసుకోలేదు. దారిలో కూలివాళ్లకు బోరు తెరిచి ఉందని కేకేశాను. వాళ్లు పారలు పడేసి, ఎవరి బిడ్డల కోసం వాళ్లు పరిగెత్తారు. నన్ను తిట్టే తీరిక కూడా వాళ్లకు లేకపోయింది.

చింతచెట్టు దాటగానే కనిపించింది. బతికే ఉంది. బీడు నడుమ బొక్కకు బారెడు దూరంలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. బొక్కకు నాలుగు వైపులా పుల్లలు అడ్డదిడ్డంగా పెట్టి ఉన్నాయి. నేను నేర్పిన గుర్తే, ఇటు రావద్దని. ఎదురుగా రెండేళ్ల పిల్లవాడు ఒకడు, మొలతాడు తప్ప ఒంటి మీద ఏమీ లేదు. ఈ పాప ఒళ్లో నాలుగు చెనక్కాయలు పెట్టుకుని, ఒక్కోటి వాడికి అవతలగా విసురుతోంది. వాడు అటు పోయి ఏరుకుంటున్నాడు. మళ్లీ ఇటు తిరగగానే ఇంకోటి, ఇంకాస్త దూరంగా విసురుతోంది. ఇక రెండే కాయలు మిగిలి ఉన్నాయి.

పిల్లవాణ్ణి ఎత్తుకున్నాను. వాళ్లమ్మ వెనకాలే వచ్చి నా చేతుల్లోంచి లాక్కుని, చెట్టు కిందికి పోయి కూర్చుంది. నేను పాప పక్కన చతికిలబడ్డాను. బొక్కలోంచి చల్లటి మట్టి వాసన వస్తోంది. ఒక గులకరాయి అంచు మీంచి జారి లోపలికి పోయింది. అడుగున పడిన చప్పుడు నాకు వినపడలేదు.

"పుల్లలు పెట్టినా మేడం" అంది పాప. "వానికి గుర్తులు రావు కదా. అందుకే ఈడనే కూర్చున్నా."

"నాతో చెప్పొచ్చు కదమ్మా. పక్కనే ఉంటిని కదా."

పాప నా వైపు చూడలేదు. "మీరు కొడతారని" అంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆరోజు నాకు తెలిసింది. పిల్లలను పిలిపించి, ఆరుగురం కలిసి ఆ రాయిని మోసుకొచ్చి, మూతి సరిగ్గా మూసుకునేటట్టు పెట్టాం. చుట్టూ మట్టి తొక్కి, కంపచెట్టు కొట్టుకొచ్చి మీద వేశాం. మార్కుల కాగితం చించేశాను. గట్టు రాయిని కూడా తీసుకుపోయి తిరిగి పెట్టించాను. చెవి మెలేసిన పిల్లవాడికి ఒక మాట చెప్పాలనుకున్నాను గానీ, పిల్లలను వరసగా నిలబెట్టి బడిదారి పట్టాను.

బడికి తిరిగిపోతూ ఆ పాపను నా పక్కన నడిపించుకున్నాను. రాయి మోసేటప్పుడు అంటుకుందేమో, దాని జడలో ఎర్రమన్ను గడ్డకట్టి ఉంది. దులుపుదామని చెయ్యెత్తాను.

పాప కళ్లు గట్టిగా మూసుకుని, భుజాలు ముడుచుకుని, ఎక్కడిదక్కడ నిలబడిపోయింది.