ఆ ఇంజన్ కవర్లు మల్లేశన్నవి

చిక్కడపల్లి మెకానిక్ మల్లేశం ఇక లేరు. గత గురువారం ఉదయం చాయ్ తాగి, దుకాణానికి బయలుదేరుతూ గుమ్మంలోనే గుండె ఆగి ఒరిగిపోయారట. ఈ దుర్వార్త నాకు ఆయన ఇంటి నుంచి రాలేదు. పాత మోటారు సైకిళ్ల సంఘం వాట్సాప్ గ్రూపులో, ఒకరి పుట్టినరోజు శుభాకాంక్షలకూ మరొకరి టైర్ల ప్రకటనకూ నడుమ, "మన మల్లేష్ పోయాడట" అన్న ఒక్క వాక్యంగా వచ్చింది. నారాయణగూడలో నేను భౌతికశాస్త్రం బోధించే కళాశాల మెట్లమీద అది చదివాను. దుఃఖం కంటే ముందు నన్ను కుదిపింది సిగ్గు.

మల్లేశం ఏడో తరగతితో బడి మానేశారు. చిక్కడపల్లి సందులో ఒక బండి లోపలుంటే రెండోది బయటే నిలవాల్సినంత ఇరుకు దుకాణం ఆయనది. ఆ ఇరుకులో నలభై ఏళ్లు లోహంతో సంభాషించిన మహాశిల్పి ఆయన. నా కంటే పన్నెండేళ్లు పెద్ద. నేను "అన్నా" అనేవాణ్ణి, ఆయన నన్ను "తమ్మీ" అనేవారు. అల్యూమినియం అంటే ఆయనకు ప్రాణం. "ఇనుము కరిగే ముందు ఎర్రబడి చెప్తది తమ్మీ. అల్యూమినియం చెప్పది. చూస్తుండంగనే కారిపోతది. దానితోని మస్తు జాగ్రత్తగ మాట్లాడాలె" అనేవారు.

మా బాబాయి వదిలివెళ్లిన యాభై ఏళ్లనాటి విదేశీ ట్రయల్స్ మోటారు సైకిలు మా ఇద్దరినీ కలిపింది. ట్రయల్స్ అంటే వేగం పోటీ కాదు. కాలు నేలకు ఆనించకుండా, నిదానంగా బండరాళ్లెక్కి దిగాలి. అందులో ఇంజను వెడల్పే శత్రువు. రెండు పక్కలా పొడుచుకొచ్చిన కవర్లు ముందుగా రాతికి తగులుతాయి. నా బండివి రెండూ పగిలి, పుట్టీ పూతతో నిలబడి ఉన్నాయి. పగుళ్లు అతికించమని అడిగాను.

"అతికిస్తే ఎన్ని దినాలుంటది? మళ్ల గదే రాయికి తగుల్తది" అన్నారు.

"కొత్తవి దొరకవన్నా. ఆ కంపెనీయే మూతపడింది."

"దొరక్కపోతే మంచిదే. ఉన్నదాన్నే సన్నగ చేద్దాం. లోపల జాగ ఎంతున్నదో ముందుగాల ఇంజన్నే అడుగుదం."

ఆయన అడిగిన తీరు చూసి, పాతికేళ్లుగా కొలమానాల పాఠం చెబుతున్న నేను నివ్వెరపోయాను. పిల్లలు ఆడుకునే మైనపు ముద్దను కవరు లోపల పరిచి, దాన్ని ఇంజనుకు బిగించి, కిక్ రాడ్‌ను మెల్లగా తిప్పి, మళ్లీ విప్పారు. తిరిగే భాగాలు మైనంలో తమ ముద్ర వేశాయి. ఆ మైనాన్ని బ్లేడుతో కోసి, మందం కొలిచి, ఎక్కడ ఎంత తగ్గించవచ్చో కవరు మీద పెన్సిలుతో గీశారు. తర్వాత రంపంతో కవర్లను నిలువునా కోసి, మధ్య పట్టీ తీసేసి, మళ్లీ వెల్డింగ్ చేశారు. వెల్డింగ్‌కు ముందు కవరు మీద బట్టల సబ్బుతో గీత గీసి కింద మంట పెట్టేవారు. గీత నల్లబడితే వేడి చాలినట్టే, వెంటనే మంట తీసేవారు. లోహం చెప్పని సంగతిని సబ్బు చేత చెప్పించేవారు.

అలా ఎనిమిది నెలలు గడిచాయి. ఒకసారి క్లచ్ వైపు కవరు వెంట్రుకవాసి వంగింది. చదునైన అద్దం మీద పెట్టి చూస్తే ఒక మూల కాస్త లేచింది. నాకు ఓపిక నశించి, "కవరుకూ ఇంజనుకూ మధ్య మందమైన ప్యాకింగ్ వేస్తే ఆ సందు మూసుకుపోతుంది కదన్నా" అన్నాను.

ఆయన తలెత్తి నన్ను చూశారు. "ప్యాకింగ్ ఉన్నది ఆయిల్ ఆపనీకి తమ్మీ. నా తప్పు దాచనీకి కాదు." అతుకంతా కోసేసి మొదటినుంచి మొదలుపెట్టారు. చివరికి ఇంజను అర అంగుళం సన్నబడింది. కింద ఒక్క చుక్క కారలేదు.

ఇక రాయక తప్పనిది రాస్తున్నాను. మా సంఘం ప్రదర్శనకు ఆ బండిని పంపదలచాను. దరఖాస్తులో "పని చేసినవారు" అన్న గడి ఉంది. సంఘం అధ్యక్షుడికి సొంత వర్క్‌షాపు ఉంది. "సందులో దుకాణం పేరు రాస్తే జడ్జీలు పట్టించుకోరండీ. మా వర్క్‌షాపు పేరు రాయండి, మీకే మంచిది" అన్నాడు. ఆ వర్క్‌షాపులో ఆ కవర్లను ఎవరూ కనీసం ముట్టుకోలేదు. అయినా రాశాను. నా చేత్తోనే రాశాను.

బహుమతి వచ్చింది. అధ్యక్షుడు వేదికమీద ఆ కవర్లు చేయడంలో తాము పడిన శ్రమను వర్ణిస్తుంటే, పక్కన నిలబడి ఫొటోకు నవ్వాను. "చేసింది మల్లేశం" అనడానికి అర నిమిషం కూడా పట్టేది కాదు.

అప్పుడే జనంలో ఆయన కనిపించారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, భార్య సత్తెమ్మ వదినను వెంటబెట్టుకుని వచ్చారు. నేనే రమ్మన్నాను! బండి పక్కన, పని చేసినవారిగా అధ్యక్షుడి వర్క్‌షాపు పేరున్న బోర్డును ఆసాంతం చదివారు. నేను వేదిక దిగి దగ్గరకు వెళ్లేసరికి, వంగి ఇంజను కింద వేలితో తడిమి చూసుకుంటున్నారు. "కారుతలేదు సార్" అన్నారు. భార్యతో, "నడువు, బస్సు దొరకదు మళ్ల" అన్నారు.

సార్! ఆ తర్వాత ఆయన నన్ను తమ్మీ అనలేదు. రెండుసార్లు దుకాణానికి వెళ్లాను. స్టూలు తుడిచి వేశారు, చాయ్ తెప్పించారు. క్షమాపణ చెప్పబోతే, "పని ఏమన్న ఉన్నదా సార్?" అని అడిగారు. తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ణి. మూడోసారి వెళ్లే ధైర్యం నాకు చాలలేదు.

వార్త తెలిసి కవాడిగూడలోని ఆయన ఇంటికి చేరేసరికి అంత్యక్రియలు ముగిశాయి. సత్తెమ్మ వదిన నన్ను గుర్తుపట్టింది.

"ఆ బోర్డు ముచ్చట ఆయన ఇంట్ల ఒక్కసారి గూడ ఎత్తలే. నేనే నిన్ను తిట్టిన. తిడితే నా మీద్నే కోపమైండు. 'పోనియ్యి, సదువుకున్నోడు, ఆయనకు నలుగుర్ల పేరు గావాలె' అన్నడు."

నేను అక్కడుండగానే అధ్యక్షుడు ఫోన్ చేశాడు. సంఘం పత్రికకు సంతాప వ్యాసం రాయమన్నాడు. "మా వర్క్‌షాపుకు ఎంతో సేవ చేశాడని రాస్తే బావుంటుంది" అన్నాడు. రాయనన్నాను. జరిగింది జరిగినట్టు మరోచోట రాస్తానని వదినకు చెప్పాను.

"రాయి" అంది ఆమె. "గని ఆయన కోసం రాస్తున్న అనకు. ఆయనకిప్పుడు ఏంది అక్కెర? నీకు నిద్ర పట్టనీకి రాసుకుంటున్నవ్."

అదీ నిజమే. ఈ నగరంలో పాత బండ్లను ప్రేమిస్తామని చెప్పుకునే మేము ఆ విద్యను నేర్చుకోలేదు, రాసి ఉంచలేదు, దాని కర్త పేరును కూడా మింగేశాం. ఇలాంటి పని చేయగల మరో చేయి నాకు తెలియదు. మల్లేశన్నా, నీ పనితనానికి శిరసు వంచి నమస్కరిస్తున్నాను. క్షమించమని అడిగే అర్హత నాకు లేదు.