రవంతసేపు పట్టుకో

కాలాపేట యూనివర్సిటీలో మాకు ఉద్యమాల గురించి పాఠం చెప్పిన సోషియాలజీ మేడం ప్రతి ఊరేగింపుకీ వచ్చేవారు. పేవ్‌మెంట్ మాత్రం దిగేవారు కారు. రమ్మంటే చెయ్యి అడ్డంగా ఊపి, "నేను చూడ్డానికొచ్చానమ్మా" అనేవారు. నాకు ఒళ్ళు మండేది.

ఎన్నో దేశాల్లో విద్యార్థులు వాతావరణం కోసం వీధుల్లోకొచ్చిన రోజున మేమూ బీచ్ రోడ్డులో నడిచాం. సముద్రం గుమ్మందాకా వస్తోందని కురుచికుప్పంలో మా ఇంటి ఓనరమ్మ కూడా వచ్చింది. బ్యానర్‌కి ఒక కొస నేను, రెండో కొస ఆవిడ. దారిలో ఆవిడ కొప్పు ఊడింది. పక్కనే పేవ్‌మెంట్ మీదున్న మేడంతో, తన తమిళం కలిసిన తెలుగులో, "సుమ్మానే నిలబడుకోనుండావు గదమ్మా, రవంతసేపు దీన్ని పట్టుకో, కొప్పేసుకుంటా" అంది.

మేడం పట్టుకున్నారు. ఓనరమ్మ కొప్పేసుకుని, ఎవరితోనో మాటల్లో పడి ముందుకెళ్ళిపోయింది. వదిలేస్తే బ్యానర్ కిందపడుతుంది. మేడం నావైపు బిక్కమొహం వేసి చూసి, పేవ్‌మెంట్ దిగారు. లైట్‌హౌస్ దగ్గరికొచ్చేసరికి నాకంటే గట్టిగా నినాదాలిస్తున్నారు.

సోమవారం క్లాసులో ఎవరో అడిగారు, "అసలు మనుషులు ఉద్యమాల్లోకి ఎందుకొస్తారు మేడం?"

"సిద్ధాంతాలు చాలా ఉన్నాయి," అన్నారు మేడం, ఇంకా బొంగురుగానే ఉన్న గొంతుతో. తర్వాత నావైపు చూసి నవ్వేశారు. "ముందు ఎవరో ఒకరు 'రవంతసేపు పట్టుకో' అనాలి."