గంపల కోసం కేరియరు

మా వ్యాను నెత్తిన కేరియరు ఎందుకు వేయించానో లోకంలో ఇద్దరికే తెలుసనుకునేవాణ్ణి. ఒకడు దాన్ని వెల్డింగ్ చేసిన మేస్త్రీ, రెండోవాణ్ణి నేను. మా అత్తగారు మాత్రం అల్లుడు తన కోసమే వేయించాడని భావనపాడు ఒడ్డంతా చెప్పుకుంది. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా నాకు చెప్పుతో కొట్టినట్టుండేది.

ఆ వ్యాను బాగా పాతది. బడిపిల్లల్ని మోసి మోసి రంగు వెలిసిపోయాక ఎవరో అమ్మేస్తుంటే కొన్నాను. వెనక సీట్లు పీకించి, చెక్కమంచం కొట్టించి, పరుపు వేశాను. మా ఆవిడ పాత చీరలతో కిటికీలకు తెరలు కుట్టింది. సెలవులొస్తే ఎక్కడ నచ్చితే అక్కడ ఆపుకుని, టీ కాచుకుని, అందులోనే పడుకోవచ్చని నా సరదా. నేను బడిపంతుల్ని, బొబ్బిలి దగ్గర వరి పండించుకునే ఇంట్లో పుట్టాను. మా ఆవిడది భావనపాడు, వేటకెళ్ళే కుటుంబం. ఇష్టపడి చేసుకున్నాం. నెల్లిమర్లలో కాపురం.

మా అత్తగారు ఎండుచేపలు అమ్ముతుంది. నెత్తళ్ళు, రొయ్యపప్పు ఇసకలో ఎండబెట్టి, గంపలకెత్తి, మా ఊరు తెస్తుంది. జూట్ మిల్లు పనివాళ్ళుండే వీధుల్లో ఆవిడ కోసం ఎదురుచూసే ఇళ్ళున్నాయి. పూర్వం బస్సుల నెత్తిన కేరియరు, వెనక నిచ్చెన ఉండేవి. గంప పైకెక్కేది, మనిషి లోపలికెక్కేది, ఎవరికీ పేచీ లేదు. ఇప్పుడు బస్సులకి ఆ కేరియర్లు లేవు. గంపని చూడగానే ముక్కు చిట్లించి దిగమనే కండక్టర్లు మాత్రం ఉన్నారు. అందుకని సెలవు దొరికినప్పుడు మేమే వ్యాను తీసుకెళ్ళి ఆవిణ్ణీ గంపల్నీ తెచ్చేవాళ్ళం.

గంపలు మంచం మీద పెట్టేవాళ్ళం. అవి దిగిపోయినా వాసన దిగేది కాదు. పరుపుకి పట్టింది, తెరలకి పట్టింది. అగరొత్తులు వెలిగించాను, నిమ్మకాయ చెక్కలు పెట్టాను. అదేం రోగమో గానీ, అవే నెత్తళ్ళు వంకాయతో వండి పెడితే కంచం నాకేస్తాను. నా పళ్ళెంలో కమ్మగా ఉన్నది నా పరుపు మీద కంపయింది.

ఒక మధ్యాహ్నం మా బడిలో పనిచేసే ఆయన ఏదో పని మీద మా ఇంటికొచ్చి, వ్యాను చూస్తానని తలుపు తీశాడు. తీసినవాడు తీసినట్టే వెనక్కి తగ్గాడు.

"ఏటి మాస్టారూ, ఏటో కంపు కొడతన్నాది?"

"ఎక్కడో ఎలక చచ్చినట్టుంది. వెతకాలి" అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! మా అత్తగారు ఆ రోజు మా ఇంట్లోనే ఉంది. గదిలో కునుకు తీస్తోందిలే అనుకున్నాను. ఆ గది కిటికీ వ్యాను నిలిపిన వైపే ఉంటుంది.

మళ్ళీ ఆదివారం వ్యానుని వెల్డింగ్ షెడ్డుకి తోలుకెళ్ళాను. పాత బండి కావడం ఒకందుకు మంచిదైంది. పైకప్పు అంచు పొడుగునా వాననీళ్ళు పోయే గాడి ఉంది, కేరియరు కాళ్ళని దానికే క్లాంపులతో బిగించెయ్యొచ్చు, కప్పుకి కన్నాలు పెట్టక్కర్లేదు. ఎడమవైపు ఒకచోట గాడి తుప్పు పట్టిపోయింది. మేస్త్రీ అక్కడ కొత్త రేకు అతికాడు. పైపులు కోసి చట్రం కట్టి, కాళ్ళ కింద పాత ట్యూబు రబ్బరు ముక్కలు పెట్టాడు. వెనక చిన్న నిచ్చెన కూడా కావాలన్నాను.

"ఏటి లోడేస్తారు?" అని అడిగాడు బోల్టులు బిగిస్తూ.

"ఎండుచేపల గంపలు. మా అత్తగారివి. లోపల వాసన భరించలేకపోతున్నాం."

అతను పకపకా నవ్వాడు. "నా కాడ సెప్పినారు సరే, ఆవిడ కాడ అనకండి. అన్నం ఎట్టదు."

ఇంటికి తెచ్చాక మా ఆవిడ నిచ్చెన పట్టుకుని ఊపి చూసింది. "అమ్మ గంపలకేనా?" అంది. అవునన్నాను. ఆ పూట ఆవిడ ముఖంలో వెలుగు చూసి నాకు ముద్ద దిగలేదు. నా వెనక మా బంధువులు చేపలవాళ్ళ పిల్లని తనని ఏమంటారో ఆవిడకి తెలుసు. నేను వాళ్ళలాంటివాణ్ణి కానని ఆవిడ నమ్మకం.

ఆ తరవాత భావనపాడు వెళ్ళినప్పుడు మా అత్తగారు వ్యాను చుట్టూ తిరిగి, కేరియరుని తడిమి తడిమి చూసింది. కొత్త పడవని నీళ్ళలోకి దింపేముందు చేసినట్టే దానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. ఇరుగు పొరుగు ఆడవాళ్ళని కేకేసి పిలిచింది.

"సూడండే, మా అల్లుడు నా గంపలకోసం ఏయించినాడు! ఎనక నిచ్చెన కూడా ఎట్టించినాడు. ఇంక నన్నెవుడు దిగమంటాడో సూస్తాను."

తనే నిచ్చెనెక్కింది. వలతాడుతో గంపల్ని చట్రానికి బిగించి కట్టి, పైనుంచి నన్ను చూసి నవ్వింది. నిజం నోటిదాకా వచ్చింది. మింగేశాను. చెప్తే నా మనసు తేలికవుతుంది సరే, ఆవిడ సంబరం ఏమవుతుంది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అది పిరికితనమని అప్పుడూ తెలుసు.

మొన్న వానాకాలం చివర అలాగే గంపలెక్కించుకుని బయల్దేరాం. భావనపాడు వెళ్ళేటప్పుడు ఎండ ఫెళఫెళలాడుతోంది కదా అని నేను టార్పాలిన్ నెల్లిమర్లలోనే వదిలేశాను. టెక్కలి దాటేదాకా ఆకాశంలో మబ్బు లేదు. శ్రీకాకుళం దాటామో లేదో చినుకు మొదలై, చూస్తుండగానే జోరందుకుంది. ఎండుచేప తడిస్తే ఇంక పారబొయ్యడమే. ఆ గంపలు మా అత్తగారి నెల్లాళ్ళ బతుకు.

"బండాపు! గంపలు లోపలెట్టేద్దాం" అంది మా ఆవిడ.

బండి పక్కకి తీశాను. తీసి, స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చున్నాను. పరుపు కొత్తది. అంతకుముందే మార్చాను. పైన గంపలు తడుస్తుంటే నేను పరుపు గురించి ఆలోచించానన్నది దాచేట్టయితే ఇదంతా రాయడం దండగ.

వెనక నుంచి మా అత్తగారు మెల్లగా అంది, కోపమేమీ లేకుండా.

"ఉండనీ బాబూ. తడిస్తే తడిసినాయి. మల్లీ నీ బండిలో ఎలక సచ్చిపోతాది."

"ఎలకేటమ్మా?" అంది మా ఆవిడ.

"ఏటీ నేదే. ఊరికే అన్నాను."

ఆ మధ్యాహ్నం ఆ కిటికీ వెనక ఆవిడ మేలుకునే ఉంది. కేరియరుకి పసుపు రాసిన రోజుకి ఆవిడకి అంతా తెలుసన్నమాట. తెలిసే కొబ్బరికాయ కొట్టింది, తెలిసే ఊరందరినీ పిలిచి చూపించింది. తన కూతురి మొగుడు ఎలాంటివాడో ఎవరికీ తెలియకూడదని, కూతురికి అసలే తెలియకూడదని.

దిగి నిచ్చెనెక్కాను. వానకి తాడు ముడులు బిగుసుకుపోయి రావడం లేదు. బయల్దేరేముందు మా అత్తగారు చట్రానికి మళ్ళీ రాసిన పసుపు కరిగి చేతులకంటుకుంది. ఎలాగో గంపలు ఒక్కొక్కటే కిందికందిస్తే మా ఆవిడ అందుకుంది. తలుపు దగ్గరికొచ్చి చూద్దును కదా, మా అత్తగారు పరుపుని చుట్ట చుట్టి పక్కకి తీసేసి ఉంది. గంపల్ని వట్టి చెక్క మీద పెట్టించింది.

"పరుపు వెయ్యత్తా, దాని మీదే పెడదాం" అన్నాను.

"నీ పరుపుకేటి పాపం బాబూ" అని, ఆ చుట్టని ఒళ్ళో పెట్టుకుని నెల్లిమర్ల దాకా అలాగే కూర్చుంది. అద్దంలో చూసినప్పుడల్లా పరుపుచుట్ట వెనక సగం ముఖమే కనిపించింది. క్షమించమని అడగాలంటే మా ఆవిడ పక్కనే ఉంది. ఆవిడ లేకపోయినా అడిగేవాణ్ణా అంటే ఏమో.

ఒక గంప మొత్తం పోయింది. మిగిలినవి మర్నాడు మిల్లు వీధిలో పెట్టుకు కూర్చుంటే, సంచి పట్టుకుని నేనూ వెళ్ళాను. ఒకావిడ నెత్తళ్ళు వేళ్ళతో నలిపి చూసి, మెత్తబడ్డాయేమిటని అడిగింది.

"వానమ్మా. పైన కేరియర్ మీద ఉండిపోనాయి" అంది మా అత్తగారు తక్కెడ ఎత్తుతూ. "ఈ మాత్రమైనా మిగిలినాయంటే మా అల్లుడే. వానలో తడిసిపోయి మరీ దింపినాడు."

ఆ కొనే ఆవిడ నన్ను మెచ్చుకోలుగా చూసింది. మా అత్తగారు మాత్రం నా వైపు తలెత్తలేదు.

"సంచి పట్టు బాబూ" అంది. పట్టాను.