దర్వాజ పోయాక నేర్చిన మాటలు

2025 ఫిబ్రవరి 10, సోమవారం, పొద్దున తొమ్మిది గంటల నలభై నిమిషాలకు మా ఇంటి ముందు నుంచి ట్రాక్టరు కదిలింది. దాని ట్రాలీలో మా పెద్ద దర్వాజ ఉంది. నా ఇంగ్లీషు చదువు ఆ నిమిషాన మొదలైంది. అప్పటికి నాకు అరవై ఆరేళ్లు.

మాది బాన్సువాడలో గూనపెంకల ఇల్లు. ముందు భాగం కూల్చి అక్కడ స్లాబు పోసుకుని, అందులోకి మారిన తర్వాత వెనక భాగం కూల్చాలని అనుకున్నాం. నా కొడుకు చెరుకు లారీ నడుపుతాడు. సీజన్లో పది రోజులకోసారి ఇంటికి వస్తాడు. కోడలు ఒక ఆఫీసులో కంప్యూటర్ మీద పని చేస్తుంది. కాబట్టి ఇంటి పని చూసుకోవలసింది నేనే. కాంట్రాక్టరుతో మాట్లాడింది నేనే, సంతకం పెట్టింది నేనే.

సంతకానికి ముందు రెండు రోజులు కూర్చుని ముందు భాగంలో ఉన్నవన్నీ లెక్కపెట్టాను. నిచ్చెన వేయించి గూనలు కూడా వరుసల వారీగా లెక్కించాను. కాంట్రాక్టరు మూడు పేజీల కాగితం తెచ్చాడు. అది మొత్తం ఇంగ్లీషు. నేను ఏడో తరగతి వరకు తెలుగులో చదివాను. ఇంగ్లీషులో బస్సు నంబర్లు, ఏబీసీడీలు గుర్తుపడతాను, అంతే. సాయంత్రం కోడలు వచ్చేదాకా ఆగితే ఆమె చదివి చెప్పేది. కానీ ఇంట్లో లెక్కలన్నీ నావే, ఒక కాగితం కోసం కోడలిని అడగడం నాకు నామోషీ అనిపించింది. "పెద్ద దర్వాజ మాత్రం నాకే ఉండాలె బిడ్డా" అని నోటితో చెప్పాను. "సరే అవ్వా" అన్నాడు. సంతకం పెట్టాను. కాగితం అతని సంచిలోకి పోయింది.

ఆ దర్వాజ నాకు ఎందుకు కావాలో చెప్పాలి. బీర్కూర్ దారిలో మాకు మూడెకరాల మడి ఉంది. నేను కాపురానికి వచ్చిన 1978 నుంచి, ప్రతి ఏడూ కాలువ నీళ్లు మా మడిలోకి వచ్చిన రోజున, దర్వాజ చౌకట్టు లోపలి పక్కన కత్తి మొనతో తేదీ చెక్కేదాన్ని. నీళ్లు రాని ఏడు అడ్డగీత పెట్టేదాన్ని. అదీ లెక్కే. మొత్తం నలభై ఏడు గుర్తులు. పాలు పోసిన లెక్క నుంచి కోడిపిల్లల లెక్క దాకా అన్నీ నోటుబుక్కులో రాసుకునే మనిషిని, ఇవి మాత్రం రాసుకోలేదు. దర్వాజ ఎక్కడికి పోతుంది అనుకున్నాను.

ఆ సోమవారం నేను పెరట్లో ఉన్నాను. ముందుకు వచ్చి చూసేసరికి చౌకట్టు ట్రాలీలో అడ్డంగా పడుకుని ఉంది. దాని మీద దూలాలు.

"గదెందుకు ఎక్కించినవ్? దర్వాజ నాకని చెప్పిన గద?" అన్నాను.

"అవ్వా, పాత సామాను కూల్చినోళ్లకే పోతది. గిది అందరికి తెల్సిన రివాజే."

"రివాజు నాకూ తెలుసు. గందుకే ముందుగల్ల చెప్పిన."

"నోటి మాట వేరే, కాయిదం వేరే." సంచిలోంచి కాగితం తీసి ఒక చోట వేలు పెట్టాడు. "చూడు, నీ సంతకమే. పాత సామాను అంత మాదే అని గీడ ఉన్నది."

"దాంట్ల దర్వాజ అన్న మాట ఏది?"

అతని వేలు కొంచెం అటు కదిలింది, కొంచెం ఇటు కదిలింది. "గిదే" అన్నాడు.

నేను అక్కడ చూశాను. అక్షరాలు కనిపించాయి. ఒక్కటీ మాటగా కుదరలేదు. అతను నిజం చెప్తున్నాడో అబద్ధం చెప్తున్నాడో తేల్చుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు. ట్రాక్టరు పోయింది.

వెనక భాగంలో ఇంకా తొమ్మిది దూలాలు ఉన్నాయి. దానికి మళ్లీ వేరే కాగితం రాయాలి. ఆ కాగితం వచ్చేలోపు ఇంట్లో ఉన్న ప్రతి వస్తువు పేరూ ఇంగ్లీషులో చదవడం నేర్చుకోవాలని ఆ రోజే నిశ్చయించుకున్నాను.

సాయంత్రం కోడలు రాగానే జరిగింది చెప్పాను. ముందు అడగనందుకు ఏమన్నా అంటుందేమోనని చూశాను. చెప్పులు విప్పుతూ అంది: "నన్ను అడిగితే ఏం పోయేది అత్తమ్మా?"

"నామోషీ పోయేది. ఇప్పుడు దర్వాజ పోయింది. ఇగ నేర్పు."

"గీ వయసుల ఏబీసీడీలా?"

"వయసు కోసం కాదు పిల్లా, దూలాల కోసం."

ఆమె నవ్వింది గానీ మర్నాడే ఆఫీసు నుంచి సుద్దముక్కల డబ్బా తెచ్చింది. వెనక భాగంలో తిరిగి, ఏ వస్తువు పేరు ఆ వస్తువు మీదే పెద్ద అక్షరాలతో రాసింది. దూలం మీద బీమ్. వాసం మీద రాఫ్టర్. అరుగు బండ మీద స్లాబ్. గోడ పెచ్చు ఊడిన చోట క్లే. నేను వంట చేస్తూ పైకి చూసి చదివేదాన్ని. ఉప్పు ఎక్కువైన రోజులు మూడు.

మొదటి వారం రోజుకు ఐదు మాటలు పెట్టుకున్నాను. ఏడో రోజు చూడకుండా రాయమంటే ముప్పై ఐదులో పదిహేడే వచ్చాయి. మిగిలిన పద్దెనిమిదీ కొట్టేసి, ఆ తర్వాత రోజుకు మూడే అనుకున్నాను. కొట్టేసినవి కూడా ఆ మూడింటిలోనే మళ్లీ రావాలి. చూడకుండా అక్షరాలన్నీ వరుసగా రాయగలిగితేనే అది నోటుబుక్కులో ఎక్కుతుంది. మా కోడలు దయ చూపించి ఒక అక్షరం తప్పు వదిలేయబోయింది. నేను ఒప్పుకోలేదు.

చిత్రమేమిటంటే, సగం మాటలు నా నోటికి ముందే వచ్చు. సిమెంటు, రాడ్డు, పైపు, టైలు. ఇవి అనని ఇల్లు ఉందా? కానీ నోటికి వచ్చిన మాట కంటికి తెలియదు. అందుకని వారానికి రెండు రోజులు బజారుకు పోయి, ఇనుప సామాను దుకాణం ముందు నిలబడి బస్తాల మీదివీ డబ్బాల మీదివీ చదివేదాన్ని. మొదటి రోజు దుకాణాయన కాసేపు చూసి అడిగాడు.

"ఏందక్కా, బస్తా చదువుతున్నవా, కొంటున్నవా?"

"చదివినంక కొంట."

"చదివితే సిమెంటు గట్టిగైతదా?"

"నేను గట్టిగైత."

రెండో వారం నుంచి నాకు ఒక స్టూలు వేసేవాడు.

ముందు భాగంలో పునాది పని నడుస్తుండేది. ఇసుక కుప్ప దగ్గర నేను శాండ్ అనీ, కంకర కుప్ప దగ్గర గ్రావెల్ అనీ చదువుకుంటుంటే, నస్రుల్లాబాద్ నుంచి వచ్చే కూలి ఆడవాళ్లు గంపలు దించి వినేవాళ్లు. అందులో ఒకామె అంది: "ఇంగ్లీషుల ఏమన్న బరువు తక్కువుంటదా అవ్వా?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ మర్నాటి నుంచి ఆమే గంప ఎత్తుకుంటూ "గ్రావెల్ పట్టు" అనేది పక్కామెతో.

పునాదిలో నింపే మొరానికి ఇంగ్లీషు మాట కోడలికి ఫోనులో కూడా తృప్తిగా దొరకలేదు. ఒకటి చెప్పింది గానీ అది వేరే మట్టిలా ఉంది. సరిగా తెలియనిది రాయనన్నాను. నోటుబుక్కులో మొరం మొరంగానే ఉంది.

ఇరవై రోజులయ్యాక కోడలే ఒక మాట అంది. "సామాను పేర్లు వస్తే సాలదు అత్తమ్మా. కాయిదంల సామాను నడుమ చిన్న చిన్న మాటలుంటయి. మోసం అంత ఆడనే ఉంటది." అప్పటి నుంచి మూడింట్లో ఒకటి అటువంటిది. ఆల్ అంటే అన్నీ. ఓనర్ అంటే ఇంటామె, అంటే నేను. రిమూవ్ అంటే తీసేయడం.

ఇంతలో పాత కాగితం నకలు కోసం కాంట్రాక్టరు వెంట పడ్డాను. రేపు అన్నాడు, ఎల్లుండి అన్నాడు, సంచి మరిచిపోయిన అన్నాడు. తొమ్మిదోసారి అడిగినప్పుడు, మార్చి 15 సాయంత్రం, తెచ్చి ఇచ్చాడు. మర్నాడు ఆదివారం. అప్పటికి నా నోటుబుక్కులో తొంభై ఐదు మాటలు ఉన్నాయి. కోడలిని పక్కన కూర్చోమని, నేను అడిగితే తప్ప నోరు తెరవొద్దని చెప్పి, వేలు పెట్టుకుని చదవడం మొదలుపెట్టాను.

మొదటి పేజీకి నలభై నిమిషాలు పట్టింది. రెండో పేజీ మధ్యలో నా సామాను కనబడింది. ఆల్ ఓల్డ్ టింబర్, టైల్స్, స్లాబ్స్, ఐరన్. వరుసగా నా ఇల్లే. దాని తర్వాత నాకు రాని మాట ఒకటి. దాని తర్వాత మెయిన్ డోర్ అండ్ ఫ్రేమ్.

"గీ నడిమిది ఏంది?" అని అడిగాను.

కోడలు వంగి చూసింది. ఆ వాక్యం మళ్లీ చదివింది. "ఎక్సెప్ట్ అత్తమ్మా" అంది మెల్లగా. "అంటే, అది తప్ప. పెద్ద దర్వాజ, చౌకట్టు తప్ప మిగిలినవన్నీ ఆయనకు."

అది నా తొంభై ఆరో మాట.

నేను నోటితో చెప్పింది కాగితంలో ఉంది. మొదటి రోజు నుంచీ ఉంది. ట్రాక్టరు దగ్గర కాంట్రాక్టరు వేలు దాని మీద నుంచే అటూ ఇటూ పోయింది.

సోమవారం పొద్దున పనికి వచ్చిన కాంట్రాక్టరును నిలబెట్టి ఆ వాక్యం చదివి, తెలుగులో చెప్పాను. అతను కాగితం తీసుకుని చూశాడు. తిప్పి చూశాడు. కోపం వస్తుందనుకున్నాను. ఇసుక కుప్ప మీద కూలబడ్డాడు.

"నాకు మాత్రం వస్తదా అవ్వా ఇంగ్లీషు? జిరాక్స్ దుకాణంల నోటితోని చెప్పిన, ఆళ్లు టైపు కొట్టిండ్రు. నువ్వు చెప్పిన దర్వాజ ముచ్చట సుత అప్పుడు చెప్పినట్టున్న. తర్వాత యాదికి లేదు."

"మరి గా దినం గిదే గిదే అని వేలెందుకు పెట్టినవ్?"

"నువ్వడిగితివి. ఏదో ఒక కాడ పెట్టాలె గద."

సంతకాలు పెట్టినవాళ్లం ఇద్దరం. చదివినవాళ్లు ఒక్కరూ లేరు.

"ఇప్పుడు దర్వాజ యాడున్నది?" అన్నాను.

జుక్కల్ దారిలో ఒక కట్టెకోత మిషన్ దగ్గర వేశానన్నాడు. అతని బండి వెనక కూర్చునే పోయాను. అక్కడి వడ్రంగి సగం మరాఠీ, సగం తెలుగు మాట్లాడతాడు. పాపం మంచివాడే. చౌకట్టు కోసి సోఫాకు కాళ్లు చేసి వారమైందని చెప్పాడు. రెక్కలు ఇంకెవరో కొనుక్కుపోయారు.

"లోపలి పక్కకు గీతలుండె" అన్నాను.

"హో, మస్తు ఉండె. అన్ని రందా పట్టిన మౌషీ, నున్నగ చేసిన" అన్నాడు. పని బాగా చేశానని చెప్పుకునే గొంతు అది. అతనికి తెలియదు కదా. కింద పొట్టు కుప్పగా ఉంది. వంగి కొంచెం చేతిలోకి తీసుకుని చూశాను. అది ఏ కట్టె పొట్టో ఎవరు చెప్పగలరు? పడేశాను.

తిరిగి వచ్చేటప్పుడు కాంట్రాక్టరు కొత్త దర్వాజ చేయించి పెడతానన్నాడు. "దర్వాజ వద్దు. రెండో కాయిదంల సామాను జాబితా నేను రాస్త. ఒక్కొక్కటి చదివినంకనే సంతకం, నీదైనా నాదైనా" అన్నాను. బండి మీద ఉన్నాడు కాబట్టి ముఖం కనబడలేదు గానీ, "సరే అవ్వా" అన్నాడు. ఈసారి ఆ సరే మీద నేను ఆధారపడలేదు.

వెనక భాగంలో నాకే మిగలాల్సిన సామాను జాబితా నేను రాయడానికి పన్నెండు రోజులు పట్టింది. ఇరవై రెండు వరుసలు. కోడలు ఆఫీసు వదిలాక దాన్ని టైపు చేయించి తెచ్చింది. ఏప్రిల్ 16, బుధవారం, పొద్దున ఎనిమిది గంటలకు, ఇంకా సున్నం పడని కొత్త గదిలో కాంట్రాక్టరును కూర్చోబెట్టి పైకి చదివాను. ఒక్కో వరుసకు అతను పెన్నుతో టిక్కు పెట్టాడు. తొమ్మిదో వరుసలో ఆగాను.

"బీమ్స్ ఏడు అని కొట్టిండ్రు. నావి తొమ్మిది."

కోడలు నాలిక కరుచుకుంది. కాంట్రాక్టరు నవ్వాడు. "ఏడంటే ఏడే అవ్వా, రెండు నాకు ఇనామియ్యి."

"పోయినవి సాలవా?" అన్నాను. అతను నవ్వు ఆపి, పెన్ను నాకిచ్చాడు. ఏడు కొట్టి తొమ్మిది రాసి, పక్కన ఇద్దరం పొట్టి సంతకాలు చేశాం. తర్వాత అతను తన సంచిలోంచి ఇంకొక ఇంటి కాగితం తీసి, "గిది సుత జెర చూడరాదే" అన్నాడు. చూశాను. మూడు మాటలు రాలేదు. ఆ సాయంత్రం నేర్చుకున్నాను.

వెనక భాగం కూల్చారు. తొమ్మిది దూలాలు, ఎనభై నాలుగు వాసాలు, రెండు చిన్న దర్వాజలు కొట్టంలో పేర్పించాను. వాటి మీద సుద్ద అక్షరాలు ఇంకా చెరిగిపోలేదు. అందులో ఒక చిన్న దర్వాజను కొత్త ఇంటికి ముందు పెట్టించాను. ఇంట్లోకి వచ్చేవాళ్లు కొంచెం వంగాలి. వంగుతారు.

ఇప్పుడు పోయినవాటి లెక్క.

బీమ్స్, ఏడు.
రాఫ్టర్స్, అరవై రెండు.
రూఫ్ టైల్స్, రెండు వేల ఆరు వందల పద్నాలుగు.
స్టోన్ స్లాబ్స్, ముప్పై ఒకటి.
ఐరన్ విండోస్, రెండు.
మెయిన్ డోర్, రెక్కలు రెండు, చౌకట్టు ఒకటి.
చౌకట్టు మీద గుర్తులు, నలభై ఏడు. జ్ఞాపకం తెచ్చుకుని తిరిగి రాసుకున్నవి, పదకొండు.
పోయినవి, ముప్పై ఆరు.