గడియారం ముందు రెండు ఫొటోలు

2017 వేసవిలో మా కంపెనీ నన్ను ప్రాగ్ టూరుకు మేనేజరుగా పంపింది. కువైట్‌లో షర్క్ పేటలోని ఆ ట్రావెల్ ఆఫీసులో అప్పటికి పందొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. నాలుగు కువైటీ కుటుంబాలు, పిల్లలను చూసుకోవడానికి వాళ్లు వెంట తెచ్చుకున్న ముగ్గురు పనిమనుషులు, మొత్తం ఇరవై రెండు మంది. అందరి పాస్‌పోర్టులూ టూర్ మేనేజరు నడుముకు కట్టుకున్న సంచిలో ఉంటాయి. పోగొట్టుకోకుండా పెట్టిన పద్ధతి అది. పనిమనుషుల ఫోన్లు మాత్రం వాళ్ల మామా, అంటే ఇంటి యజమానురాలి దగ్గర ఉంటాయి. అది పద్ధతి కాదు, అలవాటు.

ఆ ముగ్గురిలో రమణమ్మది రాయచోటి పక్క పల్లె. నాది కడప కాబట్టి అన్నా అని పిలిచేది.

మూడో రోజు కార్యక్రమంలో ‘తీరిక దినం’ అని ఉంది. పాత నగరంలో నడక, రాతి వంతెన, సాయంత్రం పడవ. ఉదయం తొమ్మిదింటికి హోటల్ మెట్ల మీద తలలు లెక్కపెడుతుంటే రమణమ్మ తమ్ముడు ఫోన్ చేశాడు. నా నంబరు ఆఫీసువాళ్లు ఇచ్చారట. తెల్లవారుజామున వాళ్లమ్మ పోయింది.

“అక్క ఫోను ఎత్తల్యా సార్. ఐస్ పెట్టె తెచ్చినాం. రేపు రాత్రి దాకా పెట్టుకుంటాం. అక్కను పంపీండి,” అన్నాడు.

వీలుంది. ఆ సాయంత్రం విమానం ఎక్కిస్తే మర్నాడు మధ్యాహ్నానికి చెన్నై, రాత్రికి ఇల్లు. ఆమె కఫీల్‌ను, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమానిని, పక్కకు పిలిచి చెప్పాను. పిల్లలను ఎవరు పట్టుకుంటారన్నాడు. మూడు రోజుల్లో కువైట్ చేరతాం, అక్కడ నేనే చెప్పి పంపిస్తాను, ఖలాస్, అన్నాడు. మిగతా మూడు కుటుంబాలనూ తెచ్చింది ఆయనే. ఆయన్ను కాదంటే నా ఉద్యోగానికి వస్తుందని భయమేసి తలూపాను. తమ్ముడికి ఫోన్ చేసి, ఇది గ్రూప్ టికెట్టు, ఒక్కరిని విడదీయడం కుదరదని చెప్పాను. ఇంట్లో చావు జరిగితే విమానం కంపెనీ విడదీస్తుంది. కువైటీ ప్రయాణికుల కోసం ఆ కాగితాలు నేనే రెండుసార్లు నింపాను.

ఆ రోజంతా గైడు మాటలను అరబ్బీలో చెబుతూ నడిచాను. రమణమ్మ చంకలో చంటిపిల్ల, ఇంకో చేత్తో తోపుడుబండి. రాళ్లు పరిచిన సందుల్లో బండి చక్రాలు ఇరుక్కుంటే నవ్వేది. పాత గడియారం గంట కొట్టి, పైన కిటికీల్లో బొమ్మలు కదిలినప్పుడు పిల్లలకన్నా తనే ఎక్కువ సంబరపడింది.

“అన్నా, గడియారం కనపడేట్టు ఒక ఫొటో తియ్యి. మాయమ్మకు చూపీల్ల. దేశాలు తిరుగుతాండానంటే నమ్మదు,” అంది.

తల గుడ్డ సర్దుకుని నిలబడింది. తీశాను. కళ్లు మూసుకున్నానేమో, ఇంకోటి తియ్యమంది. అదీ తీశాను. ఆమె పాస్‌పోర్టు నా నడుముకే ఉంది.

కువైట్‌లో కఫీల్ మాట నిలబెట్టుకున్నాడు. అప్పటికి అన్నీ అయిపోయి రెండు రోజులు. ఊరికి బయలుదేరే ముందు రమణమ్మ నాకు ఫోన్ చేసి ఒక్కటే అడిగింది.

“ఫొటో తీసేటప్పుడు నీకు తెలుసునా అన్నా?”

తెలియదన్నాను.

పదవీ విరమణ దాకా కొత్త మేనేజర్లకు శిక్షణ ఇచ్చింది నేనే. చావు కబురు వస్తే ముందు ఆ మనిషికే చెప్పాలి, పాస్‌పోర్టు చేతికివ్వాలి, ఆ తర్వాతే కఫీల్‌తో మాట్లాడాలి అని మొదటి రోజే చెప్పేవాణ్ణి. అది నాకెలా తెలిసిందో ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పేవాణ్ణి కాదు.