సైలెన్సర్‌లో మట్టిగూడు

మొన్న తెలంగాణ రాస్తారోకోకు రోడ్డుకు అడ్డం వేయడానికి మా ఊరి పిల్లలు రంపం మిషన్‌తో చెట్టు కోస్తుంటే, ఆయిల్ కలిసిన పెట్రోలు పొగ వాసనకు బాపు గుర్తొచ్చాడు.

"మీ బాపు అరవైతొమ్మిదిలనే ఆంధ్రా కాంట్రాక్టర్ మిషన్ ఆపిండంట గదనే!" అన్నారు వాళ్లు.

ఆ కథ పుట్టించింది నేనే. అది నిజం కాదు.

అప్పుడు గంగారం అడవిలో ఆ కాంట్రాక్టర్ పాత రంపం మిషన్ నడిపేది బాపే. బందులతో చాలా రోజులు మూలన పడ్డాక, స్టార్టయినా మొద్దుకు ఆనించగానే ఆగిపోయేది. బాపు ప్లగ్గు తుడిచాడు, ఫిల్టర్ కడిగాడు, పెట్రోలు మార్చాడు. చివరికి సైలెన్సర్‌లోకి తొంగిచూసి ఆగిపోయాడు. లోపల కుమ్మరి పురుగు కట్టిన మట్టిగూడు.

"పుల్లతోటి పొడువు బాపూ," అన్నాను పక్కనే ఉన్న నేను.

"వద్దు బిడ్డా. మీ అమ్మ కడుపుతోటి ఉన్నది. గిసొంటప్పుడు గూడు పగులగొడితే పుట్టేటోళ్లకు మంచిది కాదు."

అది సాకనుకున్నాను. బాపు కూడా ఉద్యమంలో చేరాడని మురిసిపోయాను.

"ఇంజన్ ముసల్దయింది సారూ, గుంజుతలేదు," అన్నాడు బాపు కాంట్రాక్టర్‌తో.

"మిషన్‌కా, నీకా రోగం? నువ్వూ జెండా పట్టావా? రేపట్నుంచి రావద్దు."

వరంగల్ నుంచి వచ్చిన మెకానిక్ స్క్రూడ్రైవర్‌తో ఆ గూడు పొడిచేశాడు. అడవిలో మిషన్ మోత ఇంటిదాకా వినిపిస్తుంటే, బాపు చేతిలో ముద్ద పళ్లెంలోనే వదిలేసి లేచాడు.

కొద్దిరోజులకు అమ్మకు పాప పుట్టింది. ఏడవలేదు.

నేను మాత్రం బడిలో బాపు గొప్ప చెప్పుకుంటూనే తిరిగాను. ఊళ్లో ఎవరైనా మెచ్చుకుంటే బాపు తల దించుకునేవాడు. అది వినయమనుకున్నాను.