మాణిక్యమ్మ చేనులో రైలు రాయి

మా మేనత్త మాణిక్యమ్మ మీద నాకు ఇప్పటికీ కోపమే. ఆవిడంత అమాయకురాలిని తిరువూరు మొత్తంలో నేనింకొకరిని చూడలేదు.

1953లో మా ఊరి పెద్దలకి రైలు పిచ్చి పట్టుకుంది. దేశంలో రైలు నడవడం మొదలై నూరేళ్ళయిందని అంతటా ఉత్సవాలు చేస్తుంటే, మనకి కూత వినే యోగమే లేదా అని మిల్లుల వాళ్ళూ కొట్ల వాళ్ళూ కలిసి ఒక సంఘం పెట్టారు. పెద్ద లైను మన ఊళ్ళోనే మొదలవుతుందన్నారు. స్టేషనుకీ, శంకుస్థాపన రాయికీ చోటు కావాలంటే, విస్సన్నపేట రోడ్డు పక్క తన చేనులో అరెకరం అత్తయ్య ఊరికే ఇచ్చేసింది. అడిగింది ఒక్కటే.

"రాయి మీద మా ఆయన పేరుండాలి బాబూ, సీతారామారావని. పిల్లా జెల్లా లేరు. ఆ పేరన్నా మిగలనివ్వండి."

సరేనన్నారు. పూజలో మాత్రం ఆవిణ్ణి పీటల మీద కూర్చోనివ్వలేదు. విధవ కదా! పక్క చేను బసవపున్నయ్యనీ అతని భార్యనీ కూర్చోబెట్టారు. అత్తయ్య గట్టు మీద నిలబడి చూసింది. తరువాత రాయి చెక్కించి నిలబెట్టారు. రైలు మాత్రం రాలేదు.

అత్తయ్యకి అక్షరం ముక్క రాదు. దాత పేరు ఇదేనని ఎవరో చూపించిన వరసని గుర్తుపెట్టుకుంది. మావయ్య తిథి వచ్చినప్పుడల్లా రాయి కడిగి, ఆ వరసని వేలితో తడిమి, బంతిపూలు పెట్టి దణ్ణం పెట్టుకునేది. ఐదేళ్ళు అలాగే చేసింది.

నేను టీచరు ట్రైనింగు పూర్తిచేసి వచ్చిన ఏడు, ఆ తిథినాడే నన్ను చెయ్యి పట్టి లాక్కెళ్ళింది.

"చదవవే. మీ మావయ్య పేరు నీ నోట వినాలి."

చదవబోయి ఆగిపోయాను. స్థలదాతలు బసవపున్నయ్య దంపతులు అని ఉంది. పూజకి పురోహితుడు రాసుకున్న పేర్ల చీటీనే ఎవరో మహానుభావుడు చెక్కేవాడి చేతిలో పెట్టినట్టున్నాడు. అబద్ధం చెబుదామనుకున్నాను. నోరు రాలేదు. ఉన్నదున్నట్టు చదివేశాను.

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"బతికున్న మనిషి పేరుకి తద్దినంనాడు పూలు పెట్టానటే? ఓరి దేవుడా, వాడికేమన్నా అయితే?" అంటూ చెప్పులు కూడా వేసుకోకుండా ఊళ్ళోకి పరుగెత్తింది.

బసవపున్నయ్య ఎడ్లకి చిట్టు కలుపుతున్నాడు. ఈవిడ వెళ్ళి నుదుటి మీద చెయ్యి వేసింది.

"ఒంట్లో బాగానే ఉందా తమ్ముడూ?"

అతను అయోమయంగా చూశాడు. సంగతి నేను చెప్పాను, కాస్త గట్టిగానే. అతను తల దించుకున్నాడు.

"నాకు ముందే తెలుసక్కా. చెప్పడానికి మొహం చెల్లలేదు. ఇంకో రాయి చెక్కించండంటే, రైలే రావట్లేదు, రాయెందుకన్నారు సంఘం వాళ్ళు."

నేను దులిపేద్దామని నోరు తెరిచేలోగా అత్తయ్య అడ్డం పడింది.

"పోన్లే. నువ్వు బాగున్నావు, అంతే చాలు."

నాకు ఒళ్ళు మండిపోయింది. దారి పొడుగునా తిడుతూనే వచ్చాను. చేను దగ్గరికి వచ్చేసరికి ఆవిడ ఆగింది. రాయి వంక చూసింది, నా వంక చూసింది. కొంగులో పూలు అలాగే ఉన్నాయి.

"ఇవాళ మీ మావయ్య తిథే కదే," అంది. "మరి ఇవి ఎక్కడ పెట్టను?"